వెనక ఎలా ఉంది?

బస్సు ఖాళీ అయిపోయి, చీపురు పట్టుకుని ఊడ్చే మనిషి ఎక్కబోతుంటే, అప్పుడు దిగింది ఆవిడ. ఒక చెయ్యి కడ్డీ మీద, ఒక చెయ్యి నడుం మీద. ఒక మెట్టు దిగి ఆగడం, ఇంకో మెట్టు దిగి ఆగడం.

"తొందరగా దిగమ్మా! బండి వెనక్కి తియ్యాలి," అని కసిరాడు కొత్తగా చేరిన కండక్టరు.

ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డ నిదానంగారికి తల కొట్టేసినట్టయింది. భార్య నడుం పట్టుకుని దిగినందుకు అనుకుంటే పొరపాటే. ఆ సంగతి ఆయనకి ఇంటికి వెళ్ళేదాకా తట్టనే లేదు. పక్కన టీ తాగుతున్న డ్రైవర్లు నలుగురూ చూశారే అని ఆయన బాధ. ఆ డిపోలో ముప్ఫై ఏళ్ళు దూరప్రయాణం బస్సు నడిపి దిగిన మనిషి. అసలు పేరు చెబితే ఎవరికీ తెలియదు గానీ నిదానంగారంటే తెలియనివాళ్ళు లేరు. పక్కన బానెట్ మీద నిండుగా నీళ్ళగ్లాసు పెట్టి ఎంత దూరం నడిపినా చుక్క ఒలకదని ఆయనకి పేరు. కొత్త డ్రైవర్లకి ఇప్పటికీ ఆ గ్లాసు కథ చెప్పే పాఠం మొదలుపెడతారు.

"ఏంటి గురువుగారూ, అమ్మగారికి ముందు సీటు కూడా ఇప్పించలేకపోయారా?" అన్నాడు ఒక డ్రైవరు నవ్వుతూ.

"ఇంటివాళ్ళకి చివరి వరుసేనయ్యా. మన రూలు మనం తప్పుతామా?" అని ఈయనా నవ్వాడు. ఆ నవ్వు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ చేతిలో సంచి అందుకుని గబగబా బయటికి నడిచాడు, ఎవరో తరుముతున్నట్టు.

ఇంటికి రాగానే ఆవిడ చాప కూడా వేసుకోకుండా నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్ళు రెండూ మంచం మీదికి ఎత్తి పెట్టింది. పాదాల మీద చెప్పుల పట్టీల అచ్చులు పడి ఉన్నాయి. ఆవిడ నర్సు. ఈ మధ్యనే హెడ్ నర్సుని చేసి, హైవేకి అవతలి కొసన ఉన్న ఆసుపత్రికి పంపారు. వారమంతా అక్కడ, చివర్లో ఒకటిన్నర రోజు ఇక్కడ. మధ్యలో బస్సు.

"సోమవారం సాయంత్రానికి పెద్ద డాక్టరమ్మకి ఏదో ఒకటి చెప్పాలండీ," అంది కప్పు వైపు చూస్తూ. "ఉంటానో, మానేస్తానో."

"మానెయ్యడమేంటి! ఇన్నేళ్ళు చాకిరీ చేసి ఇప్పుడు నలుగురి మీద పెత్తనం వస్తే మానేస్తావా? రేపు కారు చూద్దాం. కొత్తది అక్కర్లేదు, నేను చూసి ఎంచిన పాత బండి కొత్తదాని తాత. నేనే తీసుకెళ్ళి నేనే తీసుకొస్తాను. నువ్వు డ్యూటీ దిగగానే వెనక సీట్లో వాలిపో, కళ్ళు తెరిచేసరికి ఇల్లు."

ఆవిడ మంచం మీద కాళ్ళు కొంచెం సర్దుకుంది. తర్వాత, "ముందు కూర్చోనా?" అంది.

"ముందా? రాత్రి డ్యూటీ చేసి ఎక్కుతావు, కూర్చోగానే నిద్రపోతావు. పక్కన మనిషి కునికితే డ్రైవరుకి నిద్ర అంటుకుంటుంది. ఆవలింతలాంటిది అది. నా బస్సులో బానెట్ పక్కన కునికిన ప్రతివాణ్ణీ లేపి వెనక్కి తోలేవాణ్ణి, తెలుసుగా?"

"తెలుసండీ," అంది ఆవిడ.

*

పాతకార్ల దుకాణం నడిపేది ఒకప్పుడు ఆయన బస్సులో టిక్కెట్లు కొట్టిన కండక్టరే. మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. గురువుగారి దగ్గర మాత్రం ఆ లెక్కలు వెయ్యడు. రేకుల షెడ్డు కింద బళ్ళన్నీ తడిగుడ్డతో తుడిచి, ముక్కులు బయటికి పెట్టి నిలబెట్టి ఉన్నాయి.

నిదానంగారు చొక్కా చేతులు మడిచాడు. లోకం బండి రంగు చూస్తుంది, ఆయన ముందు నేల చూస్తాడు, కింద నూనె చుక్కలున్నాయా అని. తర్వాత వంగి టైరు లోపలి అంచు తడిమాడు. తలుపు రబ్బరు పీకి, దాని కింద రేకు అతుకుల కోసం గోటితో గీశాడు. ఆయిల్ పుల్ల తీసి రెండు వేళ్ళ మధ్య నూనె రాసి, వాసన చూసి, వేళ్ళు జేబురుమాలుకి తుడుచుకున్నాడు. ఒక తెల్ల బండిలో వంగి చూసి, "ఏవోయ్, మీటరేమో పసిపిల్ల అంటోంది, క్లచ్ పెడలేమో ముసలమ్మ అంటోంది. ఎవరి మాట నమ్మాలి?" అన్నాడు. పెడలు మీది రబ్బరు అద్దంలా అరిగి ఉంది.

"అందుకే అది మీకు చూపించలేదు గురువుగారూ. మీరే వెళ్ళి చూశారు," అన్నాడు కండక్టరు ఏ మాత్రం సిగ్గుపడకుండా.

ఆవిడ చేతిసంచి పొట్టకి ఆనించుకుని షెడ్డు స్తంభం పక్కన నిలబడి ఉంది. ఎండ జరుగుతూ వస్తుంటే ఆవిడ కూడా కొంచెం కొంచెం జరుగుతోంది. చాలాసేపటికి కండక్టరే చూసి నాలిక్కరుచుకుని ఒక స్టూలు తెచ్చి వేశాడు. "కూర్చో చెల్లెమ్మా. గురువుగారు బండి కింద దూరారంటే మనం ముసలివాళ్ళం అయిపోతాం."

మూడు బళ్ళు తేలాయి. మూడూ నడిపి చూడాలన్నాడు నిదానంగారు. ఏ బండి ఎక్కినా ఆయన మొదట చేసే పని ఒకటే. సీటు కింద లివరు లాగి, సీటుని వెనక్కి, కొస దాకా తోసేస్తాడు. బస్సులో కాళ్ళు చాపుకుని రాజాలా కూర్చున్న అలవాటు. కండక్టరు పక్కన, ఆవిడ వెనక. సీటు వెనక్కి రాగానే ఆవిడ మోకాళ్ళు రెండూ ఒక పక్కకి తిప్పుకుంది.

"వెనక ఎలా ఉంది?" ఊరు దాటాక అద్దంలోకి చూసి అడిగాడు.

"బాగుందండీ."

రెండో బండిలోనూ అడిగాడు. బాగుందండీ అంది. ఆయన ఆ మాటని జేబులో వేసుకుని మళ్ళీ ఇంజను చప్పుడు వినడంలో పడ్డాడు.

మూడోది పెద్ద బండి. ఎక్కగానే ఆయన ముఖం విప్పారింది. ఎత్తు మీద సీటు, చేతికి నిండుగా స్టీరింగు, కిందికి చూస్తే రోడ్డంతా పరిచిన చాపలా ఉంది. "ఇదీ బండంటే! దీని మీద పొద్దున బయల్దేరితే సాయంత్రం దాకా అలుపన్నది ఉండదు." హైవే ఎక్కించి, గేరు మార్చి, ఒక్క కుదుపు లేకుండా లారీని దాటాడు. ఆ హుషారులో పాత కథ గుర్తొచ్చింది. "గుర్తుందిటోయ్? కొత్తగా పెళ్ళయిన రోజులు. పుట్టింటికెళ్ళాలంటే ఈవిడకి మన బస్సేగా? ఇంటివాళ్ళ పాసుతో ఎక్కి ముందు సీట్లో కూర్చుంటే జనం ఏమనుకుంటారు? డ్రైవరుగారి పెళ్ళాం దర్జా అనరూ? అందుకే చివరి వరుసలో కూర్చోబెట్టేవాణ్ణి. అక్కడ పెనంలో పేలాల్లా ఎగురుతారు జనం! కానీ దిగాక ఎలా ఉందీ అంటే ఒకటే మాట. బాగుందండీ! చివరి వరుస కూడా బాగుందంటే, చెప్పు మరి, మన డ్రైవింగు ఎలాంటిది?"

ఈ కథకి కండక్టరు పడీపడీ నవ్వడం మామూలు. ఈసారి కిటికీలోంచి బయటికి చూసి, "ఆ రోజులే వేరు గురువుగారూ," అని ఊరుకున్నాడు.

"వెనక ఎలా ఉంది?"

జవాబు రావడానికి కొంచెం ఆలస్యమైంది. అప్పటికే ఈయన హారన్ కొట్టి చూస్తున్నాడు. "బాగుందండీ," అని వినబడింది.

"అయితే ఇదే ఖాయం," అన్నాడు.

షెడ్డుకి తిరిగి వచ్చాక కండక్టరు తల గోక్కున్నాడు. "ఒక్క మాట గురువుగారూ. లాయరమ్మ బండి ఒకటుంది. చిన్నదే. రేపు పొద్దున మిమ్మల్ని తీసుకొస్తానని మాటిచ్చేశాను. చూసి వద్దనండి. నా మాట పోకుండా ఉంటుంది."

ఆవిడ కారు దిగుతూ తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. కాళ్ళు తిమ్మిరెక్కాయేమో అనుకున్నాడు. అడగలేదు.

*

లాయరమ్మ పొట్టి మనిషి, పెద్ద గొంతు. దూరపు ఊళ్ళ కోర్టులకి హైవే మీద తిరిగి తిరిగి, ఇప్పుడు ఇంటి పక్క కోర్టుకి మారిందట. గేటు ముందు బూడిదరంగు కారు నిలబెట్టి, తాళం చెవి వేలికి తిప్పుకుంటూ నిలబడి ఉంది. నిదానంగారు అలవాటుగా చెయ్యి చాపాడు.

"ఆగండి సార్. పోయినవారం ఒకాయన నడిపి చూస్తానని తీసుకెళ్ళి గోడకి గుద్దాడు. అందుకని టోల్‌గేట్ దాకా నేను నడుపుతాను, మీరు కూర్చోండి. బండి నచ్చితే వచ్చేటప్పుడు మీరు నడపండి."

"నేను ముప్ఫై ఏళ్ళు బస్సు..."

"నేను ఇరవై ఏళ్ళు వాదించాను. ఎవరు గెలుస్తారో మీరే చెప్పండి," అని నవ్వింది లాయరమ్మ. "అమ్మా, మీరు ముందుకి రండి. మనం మాట్లాడుకుంటూ పోదాం. మగవాళ్ళిద్దరూ వెనక కూర్చుని లోకాన్ని ఉద్ధరిస్తారు."

ఆవిడ భర్త ముఖం వైపు చూసింది. పరాయి ఆడమనిషితో తాళం చెవి కోసం పేచీ పడితే పరువేం కాను? ఆయన వెనక తలుపు తీసుకుని తల వంచి దూరాడు, దూరేటప్పుడు తల పైన తగిలింది కూడా. కండక్టరు అటు పక్క నుంచి ఎక్కాడు.

"పక్కన లివరుంది చూడండమ్మా, సీటు వెనక్కి జరుపుకుని వాల్చుకోండి. నడుం పట్టుకుని ఎక్కారుగా," అంది లాయరమ్మ. ఆవిడ తడిమి తడిమి లివరు పట్టుకుంది. సీటు జర్రున వెనక్కి వచ్చి నిదానంగారి మోకాళ్ళకి ఆనింది. మోకాళ్ళు పక్కకి తిప్పుకున్నాడు. అంతకంటే చేసేదేం కనపడలేదు.

హైవే ఎక్కాక అతుకులు మొదలయ్యాయి. సిమెంటు పలక, సిమెంటు పలక మధ్య సందు. ఆ రోడ్డు ఆయనకి అరచేతిలా తెలుసు. కానీ ఆ సందుల్ని ఎప్పుడూ చేతులతోనే విన్నాడు, స్టీరింగులో చిన్న గిలిలా. ఇక్కడ అవి వెన్నుపూస కింద ఒక్కొక్కటే దబ్బు దబ్బుమని తగులుతున్నాయి. వచ్చేది కనపడితే మనిషి కాసుకుంటాడు. ముందు సీటు వీపు తప్ప ఏమీ కనపడటం లేదు. లాయరమ్మ బ్రేకు వేస్తే ముందుకీ, పక్కకి తిప్పితే కండక్టరు మీదికీ ఒరిగాడు. సీటు కాస్త ముందుకి జరపమని అడుగుదామనుకున్నాడు. నోటి దాకా వచ్చింది. ఆవిడ అంత సుఖంగా వాలి ఉంది. పైగా తను, నిదానంగారు, కాళ్ళు పట్టడం లేదని అడగడం! కాసేపట్లో టోల్‌గేట్ వస్తుందిలే అనుకుని ఊరుకున్నాడు.

"అబ్బ!" అంది ముందు ఆవిడ. "రోడ్డు మధ్యలో ఇన్ని పూలమొక్కలున్నాయా?"

"ఎప్పుడూ ఇటు రాలేదా మీరు?" లాయరమ్మ ఆశ్చర్యపోయింది.

"పెళ్ళయిన దగ్గర్నించీ వస్తూనే ఉన్నానండీ. ముందు నుంచి ఎప్పుడూ చూడలేదు."

మామూలుగా అంది. ఫిర్యాదు చేసినట్టు కూడా లేదు. నిదానంగారు ముందు సీటు వీపు వైపు చూస్తూ ఉండిపోయాడు. డ్రైవరు పెళ్ళాం. ముప్ఫై ఏళ్ళ కాపురం. రోడ్డు ఎలా ఉంటుందో ఇవాళ చూసింది, అదీ ఇంకొకరి బండిలో.

లాయరమ్మ ఉద్యోగం గురించి అడిగింది. ఆవిడ గొంతు తగ్గించింది, వెనక వాళ్ళకి వినపడదనుకుందో ఏమో. ముందు మాటలు వెనక్కి ఇంత స్పష్టంగా వస్తాయని నిదానంగారికి అప్పటిదాకా తెలియదు. వెనక మాటలే ముందుకి రావు.

"మానేద్దామనుకుంటున్నానండీ. సాయంత్రం చెప్పేస్తాను."

"హెడ్ నర్సు అయ్యాకా? మీవారు కారు కొంటున్నారుగా?"

"కొంటున్నారు. నిన్న పెద్ద బండి ఒకటి ఖాయం చేశారు. అందులో వెనక నాకు కాళ్ళు పట్టలేదు. దిగాక నిలబడలేకపోయాను. కానీ ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నారు. ఏం చెప్తాం? ఉద్యోగం మానేస్తే బండీ అక్కర్లేదు, ఎవరికీ బాధా ఉండదు."

"బాగాలేదని చెప్పొచ్చుగా తల్లీ!"

"అడిగినప్పుడల్లా బాగుందనే చెప్పానండీ ఇన్నేళ్ళూ. ఇప్పుడు కాదంటే, అప్పుడన్నీ అబద్ధాలు చెప్పినట్టవదూ?"

నిదానంగారి చెవులు కాలిపోయాయి. తల తిప్పి చూస్తే కండక్టరు చూస్తాడు, ముందుకి చూస్తే ఆవిడ జడ కనపడుతుంది. ఎటు చూడాలో తెలియక తన మోకాళ్ళనే చూసుకున్నాడు. నిన్న తను చెప్పిన కథ, ఆ పేలాలూ, ఆ నవ్వూ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ కథ ఎంతమందికి చెప్పుకున్నాడో! పెళ్ళిళ్ళలో చెప్పాడు, డిపోలో చెప్పాడు, ఆవిడ కాఫీలు ఇస్తుండగా ఆవిడ ఎదురుగానే చెప్పాడు.

అంతలో ఆవిడ తల కొంచెం ఇటు తిప్పి, కాస్త గొంతు పెంచి, అడిగింది.

"ఏవండీ, వెనక ఎలా ఉంది?"

"బాగుంది," అన్నాడు.

తనే అన్నాడు. ఎవరూ గొంతు పట్టుకోలేదు. మోకాళ్ళు నొక్కుకుపోయి, నడుం పీకుతూ, కడుపులో తిప్పుతుంటే, ఆ మాట దానంతట అది వచ్చేసింది. ఇంకేమంటాడు? ముందున్నవాళ్ళు సంతోషంగా ఉన్నారు, దారి ఇంకా ఉంది, చెబితే ఏమొస్తుంది? ఇన్నేళ్ళుగా తన డ్రైవింగుకి ఇచ్చిన పతకం అనుకుని దాచుకున్న మాట ఇదే. సిగ్గుతో ఒళ్ళంతా చెమట పట్టింది.

చెమటతో పాటే నోట్లో నీళ్ళూరాయి. కండక్టరు సీసా మూత తీసి అందించాడు. తాగబోతే అతుకు వచ్చి నీళ్ళు చొక్కా మీద ఒలికాయి. రెండో గుక్క లోపలికి పోలేదు. ఆయన ముఖం చూసి కండక్టరు జేబులోంచి మడతపెట్టిన ప్లాస్టిక్ కవరు తీసి, దులిపి, దాని మూతి విప్పి ఆయన గడ్డం కింద పట్టుకున్నాడు, రోజూ చేసే పనిలా. నిదానంగారు, గ్లాసులో నీళ్ళు ఒలకనివ్వని నిదానంగారు, ఆ కవరులో కక్కుకున్నాడు.

లాయరమ్మ బండి పక్కకి తీసి ఆపింది. టోల్‌గేట్ ఎదురుగానే కనపడుతోంది. నిదానంగారు దిగి రోడ్డు పక్క ఇనుప కమ్మీ పట్టుకుని వంగి నిలబడ్డాడు. కండక్టరు వీపు రాస్తున్నాడు.

"జేబులో కవరేంటోయ్ నీకు?" అన్నాడు ఊపిరి తిప్పుకుని, ఏదో ఒకటి అనాలని.

కండక్టరు కవరు ముడి వేసి చెత్తడబ్బాలో పడేసి వచ్చాడు. "పాత అలవాటు గురువుగారూ. చెల్లెమ్మ కోసం ఉంచేవాణ్ణి. చివరి వరుసలో ప్రతిసారీ అంతే. దిగేముందు నా సీసాలో నీళ్ళతో ముఖం కడుక్కుని, జడ సర్దుకుని మీ దగ్గరికి వచ్చేది. 'ఆయనకి చెప్పకు అన్నయ్యా, తన డ్రైవింగు బాగాలేదనుకుంటారు' అనేది."

నిదానంగారు కమ్మీ వదల్లేదు. లారీ ఒకటి పక్కనించి పోయింది, దాని గాలికి చొక్కా ఎగిరింది. నీళ్ళు పడినచోట చల్లగా తగిలింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రోడ్డు మధ్య మొక్కల వైపు చూశాడు. నిజంగానే పూలున్నాయి.

ఆవిడ సీసా పట్టుకుని వచ్చింది. నర్సు కళ్ళతో ఆయన కళ్ళు, నాలుక చూసింది. "పొద్దున ఏమీ తినకుండా బయల్దేరారు. అందుకే," అంది.

"అందుకు కాదు," అన్నాడు. "బాగాలేదు. ఇందాక బాగుందన్నాను. వెనక బాగాలేదు."

ఆవిడ ఆయన్ని చూసింది. చాలాసేపు చూసింది. కొంగుతో ఆయన చొక్కా మీద తడి అద్దింది.

"ఇదిగో సార్, మీ వంతు," అని లాయరమ్మ తాళం చెవి చేతిలో పెట్టింది. దాన్ని పట్టుకుంటే ఎప్పుడూ వచ్చే ధీమా ఇవాళ రాలేదు. కారు చుట్టూ తిరిగి వస్తూ, "నువ్వు ముందే కూర్చో," అన్నాడు భార్యతో.

"నిద్రొస్తే?"

"పడుకో."

"పక్కన పడుకుంటే మీకు అంటుకోదూ?"

"నాకింక నిద్రేం పడుతుంది!" అన్నాడు. అది విని ఆవిడ మొదటిసారి నవ్వింది. అయినా ముందుకి వెళ్ళలేదు. ఆయన సీటు వెనకున్న తలుపు తీసింది.

"తర్వాత కూర్చుంటాలెండి. ముందు ఇక్కడ చూడనివ్వండి. కాళ్ళు పడతాయో లేదో తెలిస్తే కదా, సాయంత్రం డాక్టరమ్మకి చెప్పడానికి," అంది.

ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. చెయ్యి దానంతట అదే కిందికి పోయి లివరు లాగింది. లాయరమ్మ పొట్టి కాళ్ళకి ముందుకి జరిపి ఉన్న సీటు జర్రున వెనక్కి, కొస దాకా పోయింది. లాయరమ్మ పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటోంది. కండక్టరు వెనక అటు పక్క కూర్చున్నాడు.

"ఏవండీ," అంది వెనక నుంచి ఆవిడ. "సీటు ముందుకి జరపండి."

ఆయన చెయ్యి ఉలిక్కిపడింది. లివరు లాగి సీటు జరిపాడు. కాళ్ళు ముడుచుకున్నాయి. అద్దంలోకి చూడటానికి ధైర్యం చాలక, ఎదురుగా రోడ్డునే చూస్తూ అడిగాడు.

"వెనక ఎలా ఉంది?"

ఆ మాట కోసం చెవి దానంతట అది ఎదురుచూసింది. రాలేదు. వెనక ఆవిడ కాళ్ళు చాపి చూసుకుంటున్న చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు. లివరు వదలకుండా కూర్చున్నాడు.

"ఇంకొంచెం," అంది ఆవిడ.